చికాగో మేయర్ అంటే అంత హడలెందుకు? పాత కథలు తెలిసినవాళ్లు చెప్పండి

కొండాపూర్ కిరణ్
అందరికీ నమస్తే. నేను చికాగో పక్కన షాంబర్గ్‌ల ఉంటున్న, వచ్చి ఎక్కువ కాలం కాలే. మన హైదరాబాద్‌ల మేయర్ అంటే ఏముంటది, కార్పొరేటర్లు ఎన్నుకుంటరు, రిబ్బన్ కట్ చేస్తరు, అసలు ఫైళ్లన్నీ కమిషనర్ దగ్గరనే ఉంటయి. ఇక్కడ మా ఆఫీసుల పాతోళ్లు చికాగో మేయర్ గురించి మాట్లాడితే రాజు గురించి చెప్తున్నట్టే ఉంటది. డేలీ అన్న పేరు ఎప్పుడూ వినబడ్తనే ఉంటది. తండ్రీ కొడుకులిద్దరూ మేయర్లే అంట. ఇంత పవర్ చట్టంలనే రాసి ఉన్నదా, లేకుంటే వాళ్లే గుంజుకున్నరా?

పాత పేపర్లు
కిరణ్ గారూ, చట్టంలో వెతికితే మీకు నిరాశే. అమెరికాలో ఇంత పెద్ద నగరాలన్నిటికీ సొంత చార్టర్ (ఊరికి రాజ్యాంగం లాంటిది) ఉంటుంది, చికాగోకి లేదు. 1907లో ఒకటి తయారుచేసి ఓటుకు పెడితే జనం తిప్పికొట్టారు. ఊరు నడిచేది 1872 నాటి రాష్ట్ర చట్టం పునాది మీద. ఆ కాగితాల ప్రకారం బలం కౌన్సిల్‌ది. 50 వార్డులు, 50 మంది ఆల్డర్‌మన్లు, అంటే మన కార్పొరేటర్ల లాంటివాళ్లు. బడ్జెట్ వాళ్లే పాస్ చెయ్యాలి, పెద్ద నియామకాలకు వాళ్ల ఆమోదం కావాలి. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తాడు, వీటో చేస్తాడు, ఓట్లు సమానమైతే తన ఓటు వేస్తాడు. అంతే. రాజరికం ఎక్కడా లేదు. అదంతా కాగితం బయట తయారైంది.

మొదటి మేయర్ విలియం ఆగ్డెన్, 1837. అప్పటికి ఊళ్లో నాలుగు వేల చిల్లర జనం. పదవీకాలం ఒక్క ఏడాది. ఆయనకి మేయర్‌గిరీ కంటే భూములు, కాలువ, రైలు మార్గాలే ముఖ్యం. తర్వాత యూనియన్ పసిఫిక్ రైల్వేకి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1863లో పదవిని రెండేళ్లకు, 1907లో నాలుగేళ్లకు పెంచారు. ఏడాదికోసారి మారిపోయే పదవిలో ఎవడికి మాత్రం భయపడతారు చెప్పండి.

అప్పట్లో కాస్త గుర్తుండే మనిషి ‘లాంగ్ జాన్’ వెంట్‌వర్త్. ఆరున్నర అడుగుల మనిషి. 1857లో నది ఒడ్డున శాండ్స్ అనే సానివాడను దగ్గరుండి కూలగొట్టించాడు. 1861లో రాష్ట్రం వాళ్లు పోలీసు శాఖను మేయర్ చేతిలోంచి లాక్కుంటుంటే, ఇచ్చేముందు మొత్తం పోలీసులందరినీ ఉద్యోగాల్లోంచి తీసేశాడు. కొన్ని గంటల పాటు చికాగోలో పోలీసన్నవాడే లేడు.

సుభద్ర
పాత పేపర్లు గారు అగ్నిప్రమాదాన్ని దాటేస్తారేమోనని మధ్యలో వస్తున్నాను. 1871 అక్టోబరులో ఊరు తగలబడినప్పుడు మేయర్ రాస్‌వెల్ మేసన్ శాంతిభద్రతలను జనరల్ షెరిడన్‌కి, అంటే సైన్యానికి, అప్పజెప్పేశాడు. మేయర్ పదవి అప్పటికి ఎంత బలహీనమో అక్కడే తెలుస్తుంది. వచ్చే నెలలోనే ఎన్నికలు. ట్రిబ్యూన్ పత్రిక అధిపతి జోసెఫ్ మెడిల్ ‘ఫైర్‌ప్రూఫ్’ పార్టీ అని పేరు పెట్టుకుని గెలిచాడు. నియామకాల్లో, తొలగింపుల్లో మేయర్‌కి ఎక్కువ అధికారం కావాలని పట్టుబట్టి రాష్ట్రం చేత ఇప్పించుకున్నాడు కూడా. తర్వాత ఆదివారం సారా దుకాణాలు మూయించబోయాడు. ఊళ్లో జర్మన్లు ఒప్పుకుంటారా? వాళ్లకి ఆదివారం బీరు అంటే కుటుంబమంతా కలిసి వెళ్లే వేడుక. గొడవ ముదిరితే 1873లో పదవీకాలం ముగియకముందే ఆరోగ్యం పేరు చెప్పి యూరప్ వెళ్లిపోయాడు. చట్టం అధికారం ఇచ్చినా వెనక మనుషులు లేకపోతే ఏమవుతుందో చూడండి.

బెజవాడ బుల్లోడు
అయితే వివేకానందుడు వచ్చినప్పుడు మేయర్ ఎవరండీ? మనవాళ్లెవరూ ఆ సంగతి చెప్పరు 😀

పాత పేపర్లు
మంచి ప్రశ్న. కార్టర్ హారిసన్. స్వామీజీ ప్రసంగం 1893 సెప్టెంబరు 11న. ఆ సర్వమత సభ జరిగింది కొలంబియన్ ఎక్స్‌పోజిషన్ అనే ప్రపంచ ప్రదర్శనలో భాగంగా. ఆ ప్రదర్శన జరిగే ఏడాది మేయర్‌గా ఉండాలనే హారిసన్ మళ్లీ పోటీ చేసి ఐదోసారి గెలిచాడు. అక్టోబరు 28న, ప్రదర్శన ముగియడానికి రెండు రోజుల ముందు, వేరే ఊళ్ల మేయర్లందరికీ ఆతిథ్యమిచ్చి ఇంటికెళ్లాడు. సాయంత్రం ప్రెండర్‌గాస్ట్ అనే కుర్రాడు తలుపు తట్టి లోపలికొచ్చి కాల్చి చంపేశాడు. ఎందుకంటే, ఎన్నికల్లో హారిసన్ కోసం పనిచేశాను కాబట్టి నగర న్యాయవాది ఉద్యోగం నాకు రావాలని అతని పిచ్చి నమ్మకం. ముగింపు వేడుకలు రద్దయ్యాయి. ఉరి తప్పించడానికి వాదించినవాళ్లలో క్లారెన్స్ డారో అనే కుర్ర లాయరు ఒకడు, తర్వాత చాలా పేరు తెచ్చుకున్నాడు. కేసు మాత్రం ఓడిపోయాడు.

ప్రెండర్‌గాస్ట్‌కి మతి లేదు, సరే. కానీ ‘ఓటు వేయించాను, ఉద్యోగం ఇవ్వాలి’ అన్న లెక్క మాత్రం అతను కనిపెట్టింది కాదు. ఊరంతా ఆ లెక్క మీదే నడిచేది.

ఇదే హారిసన్ 1886లో హేమార్కెట్ కార్మికుల సభకి స్వయంగా వెళ్లి చూసి, అంతా ప్రశాంతంగానే ఉందని పోలీసులకి చెప్పి ఇంటికి పోయాడు. ఆయన వెళ్లాక పోలీసులు సభ మీదికి వెళ్లారు, బాంబు పడింది. మేడేకి మూలం ఆ సంఘటనే. ఆయన కొడుకు చిన్న హారిసన్ కూడా ఐదుసార్లు గెలిచాడు. కాబట్టి తండ్రీకొడుకుల వరస డేలీలతో మొదలవలేదు.

కొండాపూర్ కిరణ్
అన్నా మస్తున్నది. మరి గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ టైంల ఎవరు?

బెజవాడ బుల్లోడు
దానికి నేను చెప్తా, ఆ ఒక్కడి గురించి మాత్రం గట్టిగా చదివాను. ‘బిగ్ బిల్’ థాంప్సన్. చికాగోకి ఆఖరి రిపబ్లికన్ మేయర్. 1931లో దిగిపోయాడు, ఆ తర్వాత ఆ పార్టీ మళ్లీ గెలవలేదు. 1926లో రెండు ఎలుకల్ని బోనుల్లో పెట్టి స్టేజీ మీదికి తెచ్చి, వాటికి ప్రత్యర్థుల పేర్లు పెట్టి, వాటితో చర్చాగోష్ఠి నడిపాడు మహానుభావుడు. ఇంగ్లండు రాజు ఐదో జార్జి చికాగో వస్తే ముక్కు మీద గుద్దుతానని 1927లో ప్రచారం. రాజుగారికి చికాగో వచ్చే ఉద్దేశమే లేదు, అది వేరే విషయం. ఐరిష్, జర్మన్ ఓటర్లకి ఆ మాట విందుభోజనం. కపోన్ డబ్బు ఆయన వెనకే ఉండేది. 1944లో పోయాక లాకర్లు తెరిస్తే పదిహేను లక్షల డాలర్ల దాకా నగదు.

సుభద్ర
మరో పక్క కూడా చెప్పాలి. నల్లజాతి ఓటర్లను లెక్కలోకి తీసుకుని, వాళ్లకి నగరంలో ఉద్యోగాలిచ్చిన మొదటి మేయర్లలో థాంప్సన్ ఒకడు. దక్షిణ చికాగోలో ఆయన్ని ఎలుకల మేయర్‌గా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

రిటైర్డ్ రామారావు
కిరణ్ బాబూ, నువ్వు అడిగిన ‘పవర్’ మొదలైంది థాంప్సన్‌ని ఓడించినవాడితో. ఆంటన్ సెర్మాక్. పుట్టింది బొహీమియాలో, ఇప్పటి చెక్ దేశం. వలస వచ్చినవాడని థాంప్సన్ ఎగతాళి చేస్తే, (పాతకాలపు ఇంగ్లీషు వలసదారులు వచ్చిన) మేఫ్లవర్ ఓడలో రాలేదు నిజమే గానీ వీలైనంత త్వరగా వచ్చాను అన్నాడట. చెక్కులు, పోలిష్‌లు, యూదులు, జర్మన్లు, ఐరిష్‌లు అందరినీ డెమొక్రటిక్ పార్టీ గొడుగు కిందికి తెచ్చాడు. 1933 ఫిబ్రవరిలో మయామీలో, అధ్యక్షుడిగా ఎన్నికైన రూజ్‌వెల్ట్ పక్కన ఉండగా, రూజ్‌వెల్ట్‌కి గురిపెట్టిన తూటా ఈయనకి తగిలింది. మార్చిలో పోయాడు. ఇరవై రెండో వీధికి సెర్మాక్ రోడ్ అని పేరు పెట్టారు.

మనిషి పోయాడు గానీ ఆ పార్టీ యంత్రం, ఇక్కడివాళ్లు ‘మిషన్’ అనేది, ఆగలేదు. కెల్లీ, కెనెల్లీల తర్వాత 1955లో రిచర్డ్ జె. డేలీ వచ్చాడు. ఇక్కడ కిటుకు గమనించు. ఆయన అప్పటికే కుక్ కౌంటీ (చికాగో ఉన్న జిల్లా) డెమొక్రటిక్ పార్టీ అధ్యక్షుడు. మేయరయ్యాక ఆ కుర్చీ వదల్లేదు. అంటే ఆల్డర్‌మన్‌కి టికెట్ ఇచ్చేదీ ఆయనే, సభలో కూర్చోబెట్టి ఓటు వేయించుకునేదీ ఆయనే. చట్టం ఏమన్నా సరే, కౌన్సిల్‌కి ఇక నోరు ఎక్కడిది?

కింద ఏం జరిగేదంటే, ఊరు వార్డులుగా, వార్డు ప్రిసింక్ట్‌లుగా ఉంటుంది. ప్రతి ప్రిసింక్ట్‌కీ ఒక కెప్టెన్. వాడికి పగలు నగరంలోనో కౌంటీలోనో ఉద్యోగం, సాయంత్రం పార్టీ పని. తన నాలుగు వీధుల్లో ఎవరింట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరికి చెత్తడబ్బా కావాలో, ఎవరబ్బాయికి వేసవిలో పార్కులో పని కావాలో వాడికి నోటికి వచ్చు. ఎన్నిక రోజు లెక్క తగ్గితే వాడి ఉద్యోగానికే ఎసరు. ఇలాంటి ఉద్యోగాలు ముప్ఫై వేల పైమాటే అని అంచనా. నేను వచ్చిన కొత్తలో, 1970ల్లో, అది కళ్లారా చూశాను. లంచమని నువ్వనవచ్చు. కానీ ఫోన్ చేస్తే మర్నాటికి వీధిదీపం వెలిగేది. ఓ’హేర్ విమానాశ్రయం, ఎక్స్‌ప్రెస్ వేలు, ఆకాశహర్మ్యాలు అన్నీ ఆ కాలపువే. పక్కనున్న డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ కూలిపోతుంటే ఇది నిలబడింది.

సుభద్ర
రామారావు గారూ, మీమీద గౌరవంతోనే అంటున్నాను, ఆ వీధిదీపం అన్ని వీధుల్లోనూ వెలగలేదు. డేలీ హయాంలో కట్టిన డాన్ రయన్ ఎక్స్‌ప్రెస్ వే పక్కనే రాబర్ట్ టేలర్ హోమ్స్ కట్టారు. 28 భవనాలు, ఒక్కొక్కటి 16 అంతస్తులు, అందులో దాదాపు అందరూ నల్లజాతి పేదలు. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ ఇళ్ల విషయంలో వివక్ష మీద పోరాడటానికి చికాగో వస్తే, డేలీ చేతులు కలిపాడు, కాగితం మీద సంతకాలు చేయించాడు, ఆచరణలో దాదాపు ఏమీ చెయ్యలేదు. 1968 ఏప్రిల్‌లో కింగ్ హత్య తర్వాత అల్లర్లు జరిగితే, నిప్పుపెట్టేవాళ్లని చంపేలా కాల్చమని పోలీసులకి చెప్పానన్నాడు. అదే ఏడాది ఆగస్టులో పార్టీ మహాసభ బయట కుర్రాళ్లని పోలీసులు కొట్టడం దేశమంతా టీవీలో చూసింది. ఊరు నిలబడింది అంటే ఎవరి ఊరు?

రిటైర్డ్ రామారావు
నువ్వు చెప్పినవన్నీ జరిగినవే అమ్మా, కాదనను. అయినా ఆరుసార్లు గెలిచాడు. నల్లజాతి వార్డుల్లో కూడా చాలా ఏళ్లు ఆయనకే ఓట్లు పడ్డాయి.

సుభద్ర
ప్రిసింక్ట్ కెప్టెన్ పద్ధతి మీరే వివరించారు కదండీ. ఆ ఓట్లు ఎలా పడ్డాయో దానిలోనే ఉంది.

పాత పేపర్లు
ఇద్దరూ ఆగండి, అసలు రసపట్టు ముందుంది. 1976 డిసెంబరు 20న డేలీ గుండెపోటుతో చనిపోయాడు. 21 ఏళ్లు ఒకే మనిషి. తర్వాత ఎవరు అన్నదానికి చట్టంలో స్పష్టత లేదు. కౌన్సిల్ తాత్కాలిక అధ్యక్షుడు విల్సన్ ఫ్రాస్ట్, నల్లజాతి ఆల్డర్‌మన్, తానే తాత్కాలిక మేయర్‌నని ప్రకటించాడు. ఆఫీసుకి వెళ్తే తలుపుకి తాళం. తాళంచెవి కనబడట్లేదని జవాబు! వారం తిరిగేలోగా బేరసారాలు జరిగి, డేలీ సొంత వార్డు ఆల్డర్‌మన్ మైకేల్ బిలాండిక్‌ని కౌన్సిల్ ఎన్నుకుంది. ఫ్రాస్ట్‌కి ఫైనాన్స్ కమిటీ ఇచ్చి సర్దిచెప్పారు.

బిలాండిక్‌ని దించింది మంచు. 1979 జనవరిలో తుపాను, వీధులు రోజుల తరబడి తెరవలేదు. దూరపు పేటల నుంచి వచ్చే సిటీ రైళ్లు వేగంగా పోవాలని నల్లజాతి పేటల్లోని స్టేషన్లలో ఆపకుండా నడిపారు. మిషన్ వీధి తుడవలేకపోతే ఇక దానితో పనేంటి అని జనానికి అనిపించింది. డేలీ దగ్గర పనిచేసి, బిలాండిక్ చేతిలో ఉద్యోగం పోగొట్టుకున్న జేన్ బర్న్ ఫిబ్రవరి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, అతన్ని ఓడించింది. ఊరికి మొదటి మహిళా మేయర్. 1981లో కబ్రీనీ గ్రీన్ పేదల భవనాల్లోకి మూడు వారాల పాటు కాపురం మారింది. మిషన్‌ని తిట్టి గెలిచి, గెలిచాక అదే మిషన్ పెద్దలతో కలిసిపోయింది. నా లెక్కలో ఆమె ఓటమికి అదే కారణం.

బెజవాడ బుల్లోడు
ఇప్పుడు హెరాల్డ్ వాషింగ్టన్ వస్తాడు చూడండి. డౌన్‌టౌన్‌లో పెద్ద లైబ్రరీ ఉందే, ఆయన పేరే.

సుభద్ర
1983 ప్రైమరీ. ఒక పక్క బర్న్, ఇంకో పక్క పెద్ద డేలీ కొడుకు రిచర్డ్ ఎం. డేలీ. తెల్లజాతి ఓట్లు వాళ్లిద్దరి మధ్య చీలాయి. అంతకుముందే లక్ష పైగా కొత్త ఓటర్లు, ఎక్కువమంది నల్లజాతివాళ్లు, పేర్లు నమోదు చేయించుకున్నారు. వాషింగ్టన్ 36 శాతంతో నెగ్గాడు. చికాగోలో డెమొక్రటిక్ టికెట్ వస్తే గెలిచినట్టే లెక్క. కానీ ఈసారి తెల్లజాతి డెమొక్రాట్లు గుంపులుగా రిపబ్లికన్ ఎప్టన్ వైపు వెళ్లారు. ఎప్టన్ ప్రకటనల్లో ‘ఆలస్యం కాకముందే’ అని నినాదం. దేనికి ఆలస్యమో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అయినా ఏప్రిల్‌లో వాషింగ్టనే గెలిచాడు.

కిరణ్ గారి ప్రశ్నకి అసలు జవాబు ఆ తర్వాతి మూడేళ్లలో ఉంది. మొదటి సమావేశాల్లోనే ఎడ్ వర్డోలియాక్, ఎడ్ బర్క్ అనే ఇద్దరు ఆల్డర్‌మన్ల వెనక 29 మంది చేరారు. మేయర్ వైపు 21. కమిటీలన్నీ ఆ 29 మంది పంచుకున్నారు. మేయర్ నియామకాలు ఏళ్ల తరబడి తొక్కిపెట్టారు. బడ్జెట్ మీద గొడవ, చెత్త మీద గొడవ. వాషింగ్టన్‌కి మిగిలింది వీటో ఒక్కటే, దాన్ని కొట్టెయ్యాలంటే 34 ఓట్లు కావాలి, అవి వాళ్ల దగ్గర లేవు. ఇటు కదలదు, అటు కదలదు. అప్పట్లో అంతర్యుద్ధంలో ఉన్న బేరూట్‌తో పోల్చి ‘సరస్సు ఒడ్డున బేరూట్’ అని పేరొచ్చింది. పెద్ద డేలీ కాలంలో ఎంత చట్టముందో ఇప్పుడూ అంతే చట్టం. ఒక్క అక్షరం మారలేదు. పార్టీ చేతిలో లేని మేయర్ ఎంతవాడో అప్పుడు బయటపడింది.

1980 జనాభా లెక్కల తర్వాత గీసిన వార్డుల పటం నల్లజాతి, లాటినో ఓటర్లకి అన్యాయం చేసిందని కోర్టు తేల్చింది. 1986లో ఏడు వార్డుల్లో మళ్లీ ఎన్నికలు. లెక్క 25-25 అయింది, మేయర్ ఓటుతో 26. అప్పుడు గాని పాలన మొదలవలేదు. 1987లో మళ్లీ గెలిచాడు. నవంబరు 25న ఆఫీసులో బల్ల దగ్గరే గుండెపోటుతో పోయాడు.

రిటైర్డ్ రామారావు
ఆ తర్వాత కౌన్సిల్‌లో జరిగిన రాత్రి నేను టీవీ ముందు మేలుకునే ఉన్నాను. సిటీ హాల్ చుట్టూ వేలమంది జనం, లోపల అరుపులు. తెల్లవారుజామున నాలుగింటికి యూజీన్ సాయర్‌ని ఎన్నుకున్నారు. ఆయనా నల్లజాతివాడే, వాషింగ్టన్ పక్షమే. కానీ గెలిపించింది పాత 29 మంది గుంపు. ఆ మచ్చ ఆయన్ని వదల్లేదు. 1989లో చిన్న డేలీ వచ్చేశాడు.

కొండాపూర్ కిరణ్
మరి చిన్న డేలీకి తండ్రి లెక్క ఉద్యోగాలు పంచే చాన్స్ ఉండెనా?

పాత పేపర్లు
అదే మలుపు. మైకేల్ షాక్‌మన్ అనే లాయరు 1969లో వేసిన కేసులో, రాజకీయ కారణాలతో ఉద్యోగం తీసెయ్యకూడదని 1972లో, రాజకీయంగా ఉద్యోగం ఇవ్వకూడదని 1983లో కోర్టు ఉత్తర్వులు వచ్చాయి. (దొంగదారుల్లో ఇచ్చారు లెండి, దాని మీద 2000ల్లో శిక్షలు కూడా పడ్డాయి.) కాబట్టి చిన్న డేలీ బలం వేరేచోట నుంచి వచ్చింది. కాంట్రాక్టర్లు, డౌన్‌టౌన్ వ్యాపారులు, బాండ్ల లాయర్లు. 1995లో రాష్ట్రం బడులన్నీ మేయర్ చేతిలో పెట్టింది. ఆల్డర్‌మన్ సీటు మధ్యలో ఖాళీ అయితే మేయరే నియమిస్తాడు, అలా సభ నిండా ఆయన మనుషులే. 1999 నుంచి మేయర్ ఎన్నికల్లో పార్టీ గుర్తులు తీసేశారు. తండ్రికి పార్టీ కావలసి వచ్చింది, కొడుక్కి అదీ అక్కర్లేకపోయింది. 22 ఏళ్లు, తండ్రి కంటే ఎక్కువ.

ఆ అధికారం ఎలా ఉండేదంటే, 2003 మార్చిలో ఒక అర్ధరాత్రి బుల్డోజర్లు పంపి సరస్సు పక్కనున్న మెగ్స్ ఫీల్డ్ విమానాశ్రయం రన్‌వే మీద పెద్ద పెద్ద ఎక్స్ గుర్తులు తవ్వించేశాడు. తెల్లారేసరికి అక్కడ విమానాలు చిక్కుబడిపోయాయి. ఎవరినీ అడగలేదు. 2008 డిసెంబరులో ఊళ్లో పార్కింగ్ మీటర్లన్నీ 75 ఏళ్లకు లీజు, 115 కోట్ల డాలర్ల పైచిలుకు. ప్రకటించిన రెండు రోజుల్లో కౌన్సిల్ 40-5తో ఊకొట్టింది. ఎంతకి ఇచ్చారో దానికి కనీసం 97 కోట్లు ఎక్కువ రావాల్సిందని నగర ఇన్‌స్పెక్టర్ జనరలే తర్వాత తేల్చాడు. ఆ డబ్బులో చాలా భాగం కొద్దికాలంలోనే బడ్జెట్ కన్నాలకి పోసేశారు.

బెజవాడ బుల్లోడు
మనవాళ్ల హోటళ్లుండే డెవాన్ వీధికి దోసెకి వెళ్లి కారు ఆపినప్పుడల్లా డేలీ గారి అబ్బాయిని తలుచుకుంటాం మేము 🙏

రిటైర్డ్ రామారావు
మిలీనియం పార్కులో ఫొటోలు దిగినప్పుడు కూడా తలుచుకో నాయనా, అదీ ఆయనదే. 2004.

కొండాపూర్ కిరణ్
ఇంకొక డౌట్. షాంబర్గ్‌ల ఉన్నోళ్లకు దీంట్ల ఓటు ఉండదు గదా?

సుభద్ర
ఉండదు. నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ ఇవన్నీ వేరే ఊళ్లు. పౌరసత్వం ఉన్నా సరే, చికాగో హద్దుల్లో నివాసం ఉండాలి. మీ షాంబర్గ్‌లో రోజువారీ పాలన విలేజ్ మేనేజర్ అనే ఉద్యోగి చూస్తాడు, మీరు మొదట్లో చెప్పిన కమిషనర్ పద్ధతికి దగ్గర. మన దేశం మూలాలున్నవాళ్లలో చికాగో కౌన్సిల్‌కి మొదట ఎన్నికైంది అమేయ పవార్, 2011లో, 47వ వార్డు నుంచి.

పాత పేపర్లు
మిగతాది క్లుప్తంగా. రామ్ ఇమాన్యుయేల్ (2011-19) 2013లో ఒక్కసారిగా 50 దాకా బడులు మూయించాడు. 2015లో రెండో రౌండుకి వెళ్లాల్సి వచ్చింది, ఊరి చరిత్రలో అదే మొదటి రనాఫ్. లోరీ లైట్‌ఫుట్ 2019లో 50 వార్డులూ గెలిచింది, 2023లో మొదటి రౌండులోనే మూడో స్థానం. టీచర్ల యూనియన్ నుంచి వచ్చిన బ్రాండన్ జాన్సన్ గెలిచాడు. 2024 నవంబరులో ఆయన 30 కోట్ల డాలర్ల ఆస్తిపన్ను పెంచుతానంటే కౌన్సిల్ 50-0తో తోసిపుచ్చింది. ఆయన మిత్రులతో సహా అందరూ వ్యతిరేకమే. పెద్ద డేలీ ముందు ఆ సీను ఊహించలేం.

రిటైర్డ్ రామారావు
అది ప్రజాస్వామ్యం పెరిగినట్టా, ఊరికి దిక్కు లేకుండా పోయినట్టా? పన్ను పెంచనివ్వరు, నగర ఉద్యోగుల పింఛన్ల బాకీ తీర్చే దారి చూపరు.

సుభద్ర
పింఛన్ల బాకీ పెరిగింది ఎవరికీ ఎదురుచెప్పని సభల కాలంలోనే కదండీ. మీటర్లకి 40-5 వేసిన సభ అదే కదా.

రిటైర్డ్ రామారావు
ఆ మాటకి నా దగ్గర ఇప్పుడు జవాబు లేదు. రేపు రాస్తాను.

పాత పేపర్లు
రాసేటప్పుడు బడుల సంగతి కూడా కలపండి. 1995లో మేయర్ చేతికొచ్చిన స్కూల్ బోర్డుకి 2024లో మొదటిసారి ఎన్నికలు జరిగాయి, కొన్ని సీట్లకి. 2027 జనవరి నుంచి 21 మందీ ఎన్నికైనవాళ్లే ఉంటారు. మేయర్ ఎన్నిక ఆ వచ్చే నెల. ఊళ్లోనే ఉంటున్నవాళ్లు మీ జిల్లా నుంచి ఎవరు నిలబడుతున్నారో తెలిస్తే ఇక్కడ పెట్టండి.